కలెక్టరేట్ ఊరు దాటింది, మరి వరండా?

మహబూబ్‌నగర్ కొత్త కలెక్టరేట్ 2022 డిసెంబర్ 4న ఊరి బయట పాలకొండ దగ్గర ఓపెన్ అయింది. పాలమూరుకి మహబూబ్‌నగర్ అని పేరు పెట్టింది గూడ డిసెంబర్ 4నే, 1890లో, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద. తారీఖు కావాలని చూస్కొని పెట్టిన్రో అట్ల కలిసొచ్చిందో గానీ సరిగ్గా 132 ఏండ్లు. ఈ మధ్యలో పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో సర్కారు ఆఫీసు బిల్డింగ్ మస్తు వేషాలు మార్చింది, గోడల మందం మారింది, కప్పు మారింది, సున్నం పోయి సిమెంట్ వచ్చింది, చివరికి ఊర్లో ఉండే జాగానే మారింది. చాలామంది బయటి నుంచి గుమ్మటం, స్తంభాలు, తెల్ల రంగు చూసి బాగుందనో బాగలేదనో మాట్లాడుకుంటరు గానీ, ఆ బిల్డింగ్ ఎవరి కోసం కట్టిన్రో తెలవాలంటే చూడాల్సింది వరండా. పని మీద వచ్చిన మనిషి తన వంతు వచ్చేదాకా ఎక్కడ ఆగిండు, నీడలో ఆగిండా ఎండలో ఆగిండా, కూసునేతందుకు గట్టు ఉందా లేదా, ఇవి చూస్తే బిల్డింగ్ చరిత్ర సగం అర్థమైతది.

అసలు జిల్లా ఆఫీసు అనేది ఎట్ల వచ్చిందో ముందు చూడాలె. దివాన్ మొదటి సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ (రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టుడు) పెట్టేదాకా నిజాం రాజ్యంలో శిస్తు వసూలు ఎక్కువగా గుత్తకి తీసుకున్నోళ్ల చేతుల్లో ఉండేది, గుత్తేదారుకి వేరే ఆఫీసు ఎందుకు, ఆయన ఇల్లే ఆఫీసు. జిలాబందీ తర్వాత జీతం తీసుకునే అధికార్లు వచ్చిన్రు, జిల్లాకి అవ్వల్ తాలూక్‌దార్ అంటే ఇప్పటి కలెక్టర్ లెక్క, ఆయన కింద దోయం, సోయం (రెండో, మూడో దర్జా) తాలూక్‌దార్లు, ఒక్కో తాలూకాకి తహసీల్దారు. జీతం తీసుకునే అధికారికి బదిలీ ఉంటది, బదిలీ అయ్యే మనిషి కాయితాలు మూట కట్టుకొని ఇంటికి తీస్కపోలేడు, కాబట్టి మనుషులు మారినా కాయితాలు కదలకుండ ఉండేతందుకు ఒక పక్కా జాగా కావాల్సి వచ్చింది. కచేరి (సర్కారు ఆఫీసు) బిల్డింగ్ పుట్టింది ఈ అవసరంలోనే. పాలమూరు జిల్లాకి మొదట్ల హెడ్‌క్వార్టర్ నాగర్‌కర్నూల్, ఆ తర్వాతనే పాలమూరుకి మారింది, ఇప్పుడు 2016 నుంచి నాగర్‌కర్నూల్ మళ్ళా జిల్లా కేంద్రం అయింది, అంటే పోయిన కుర్చీ తిరిగొచ్చినట్టే.

ఇంకో సంగతి, దక్షిణ తెలంగాణలో కచేరి ఒక్కటే అధికారం కాదు. పాలమూరు జిల్లా నిండా సంస్థానాలు, గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ రాజధానిగా ఉన్న జటప్రోలు, అమరచింత, గోపాలపేట, ఇవన్నీ ఎవరి కోట వాళ్లు, ఎవరి మేడ వాళ్లు కట్టుకొని ఉన్నయి. నల్లగొండ వైపు దేశ్‌ముఖుల గడీలు, జాగీర్లు. అప్పట్ల నల్లగొండ జిల్లాలోనే ఉన్న జనగామ తాలూకా విసునూరు గడీ పేరు వినని వాళ్లు ఉండరు. గడీ ప్లాన్ చూస్తే మొత్తం లోపలికి తిరిగి ఉంటది, బయట ఎత్తు గోడ, ఒక్కటే పెద్ద దర్వాజ, లోపల వాకిలి, వాకిలి చుట్టూ అర్రలు (గదులు). రైతు లోపలికి పోయేటప్పుడు చెప్పులు విప్పి చేతిలో పట్టుకొని పోవాలె, లోపలికి పోయినంక బయట ఉన్నోళ్లకి ఏం జరుగుతుందో కనపడదు. కచేరి దీనికి ఉల్టా, వరండా ముందు పెట్టి, కమాన్లు రోడ్డు వైపు తెరిచి, అర్రలు ఎనకకి పెట్టిన్రు. దాని అర్థం కచేరిలో న్యాయం జరిగిందని కాదు, దేశ్‌ముఖు మాట కచేరిలో గూడ నడిచేది, ఆ సంగతి తెలంగాణ పోరాట చరిత్ర తెలిసిన అందరికీ ఎరుకే. కానీ బిల్డింగ్ వరకు చూస్తే నలుగురు చూస్తుండగా నిలబడే జాగా ఒకటి మొదటిసారి ఏర్పడింది, అది చిన్న సంగతేం కాదు.

ఇగ కట్టడం సంగతికి వస్తే, నిజాం కాలం కచేరీలు హైదరాబాద్‌ హైకోర్టు లెక్క గుమ్మటాలు, మినార్లతో కట్టినవి కావు. జిల్లాల్లో పీడబ్ల్యూడీ (సర్కారు కట్టడాల శాఖ) వాళ్లు చేతికి దొరికే సామానుతో, ఒకే రకం ప్లాన్‌తో కట్టుకుంట పోయిన్రు. గోడలకి రాయి ఈడ ఎంత కావాలంటే అంత, పాలమూరు గానీ నల్లగొండ గానీ ఎటు చూసినా గుట్టలు, గ్రానైటు బండలే. గోడ రెండు అడుగుల మందం దాకా ఉంటది, లోపల కింద షాబాద్ బండలు పరుస్తరు, పైన కప్పుకి రెండు పద్ధతులు. ఒకటి టేకు దూలాలు, వాసాలు వేసి వాటి మీద సన్న ఇటుకలు పేర్చి, పైన సున్నం కాంక్రీటు పోసి కొట్టేది, దీన్నే మద్రాస్ టెర్రస్ అంటరు. రెండోది ఇనుప గర్డర్లు మూడు నాలుగు అడుగులకి ఒకటి వేసి, రెండు గర్డర్ల నడుమ ఇటుకలతో చిన్న కమాన్ తిప్పేది. ఈ రెండో రకం కప్పు కింద నిలబడి పైకి చూస్తే అలలు అలలుగా కనిపిస్తది, సున్నం కొట్టీ కొట్టీ ఇటుకల గీతలు గూడ పూడుకుపోయి ఉంటయి, గర్డర్ అంచు మాత్రం తుప్పు పట్టి ఎర్రగా ఒక చార లెక్క దిగుతది. కొన్నిట్ల నడుమ దూలానికి ఇంకా పంకా కొక్కెం ఉంటది, కరెంటు రాకముందు బట్ట పంకా వేలాడదీసి బయట కూసున్న జవాను తాడు పట్టి గుంజేటోడు, తాడు పోయేతందుకు గోడకి పెట్టిన చిన్న బొక్క తర్వాత కరెంటు వైరుకి పనికొచ్చింది.

వీటన్నిటినీ పట్టుకొని ఉండేది డంగు సున్నం. సున్నపురాయి బట్టీలో కాల్చి, నీళ్లు పోసి చల్లార్చి, ఇసుక కలిపి గానుగలో రుబ్బుతరు, గుండ్రంగా తవ్విన కాలువలో రాతి చక్రం, దాన్ని తిప్పేది ఎద్దులు. ఎంత రుబ్బితే అంత జిగురు. కరక్కాయ నీళ్లు, బెల్లం కలపడం గూడ ఉండేది. సిమెంట్ లెక్క తెల్లారేసరికి గట్టిపడదు ఇది, గాలిలో ఉండే కార్బన్ డయాక్సైడ్‌ని మెల్లమెల్లగా పీల్చుకొని మళ్ళా రాయిగా మారుతది, ఆ పని ఏండ్లకి ఏండ్లు నడుస్తది. పై కప్పు సున్నం కాంక్రీటుని ఆడోళ్లు వరుసగా కూసొని చెక్క బల్లలతో రోజుల తరబడి కొట్టేటోళ్లు, పగుళ్లు రాకుండ, నీళ్లు దిగకుండ. అంటే ఒక్క కప్పుకి పట్టిన మనుషుల చాకిరీ లెక్కేస్తే ఇప్పటి స్లాబ్ రేటు చవకే అనిపిస్తది. ఆ చాకిరీకి అప్పట్ల కూలి ఎంత ఇచ్చిన్రు, అసలు ఇచ్చిన్రా వెట్టిలో కలిపిన్రా అనేది పాత బిల్డింగులని మెచ్చుకునే టైంలో మరిచిపోవద్దు.

ఎండాకాలం నల్లగొండ, పాలమూరు సంగతి చెప్పనక్కర్లేదు, ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీలు, 44 డిగ్రీలు మామూలే. రెండు అడుగుల రాతి గోడకి పొద్దున ఎండ తగిలితే ఆ వేడి లోపలి వైపుకి వచ్చేసరికి పది గంటలకి పైనే పడుతది. ఇల్లు అయితే దీంతోని ఇబ్బందే, రాత్రి పడుకునే టైంకి గోడ వేడి కక్కుతది, అందుకే జనం మిద్దె మీదనో వాకిట్లనో పండుకునేటోళ్లు. కానీ ఆఫీసు సాయంత్రం ఐదున్నరకి తాళం పడుతది, వేడి లోపలికి చేరే టైంకి లోపల మనుషులే ఉండరు! కాబట్టి మందం గోడ అనేది ఇంటికంటే ఆఫీసుకే ఎక్కువ సరిపోయింది. దానికి తోడు 14, 15 అడుగుల ఎత్తు కప్పు, పైన రోషన్‌దాన్‌లు (గాలి కోసం పెట్టిన చిన్న కిటికీలు), వేడి గాలి పైకి పోయి వాటిలకెల్లి బయటికి పోతది. వరండా ఉండేసరికి ఎండ డైరెక్టుగా గోడకి తగలదు. అంటే వరండా జనానికి నీడ, గోడకి గూడ నీడ, ఒకే జాగా రెండు పనులు చేసింది. ఇదే ఐదు ఇంచుల ఆర్‌సీసీ (ఇనుప కడ్డీలు వేసి పోసిన సిమెంట్ కాంక్రీటు) స్లాబ్ అయితే రెండు మూడు గంటల్లోనే వేడి కిందికి దింపుతది, పగలు రెండింటికి ఫ్యాన్ కింద కూసుంటే ఆ ఫ్యాన్ స్లాబ్ వేడినే కిందికి కొడుతది.

కచేరిలో అన్నిటికంటే జాగ్రత్తగా కట్టిన అర్ర సారు కూసునేది కాదు, రికార్డ్ రూం. ఒక్కటే తలుపు, పైన సన్న కిటికీలు, వాటికి ఇనుప కడ్డీలు, నేల మిగతా అర్రల కంటే ఎత్తు, పక్కన వంటది గానీ మంట పెట్టేది గానీ ఉండొద్దు. లోపల ఎర్ర గుడ్డలో కట్టిన బస్తాలు, ఉర్దూలో రాసిన సేత్వార్, వసూల్ బాకీ లాంటి పాత భూమి, శిస్తు లెక్కలు, ఆ తర్వాత 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరిదో రాసిన రికార్డు. తెలంగాణలో భూమి కొట్లాట ఏదైనా చివరికి ఖాస్రా కాడికే పోతది, అందులో ఎవరి పేరుంది అన్నది తేలాలె, దాని నకల్ కోసం తిరిగినోళ్లకి ఈ అర్ర విలువ బాగా తెలుసు. 2020 అక్టోబర్ 29న ధరణి అనే భూ రికార్డుల పోర్టల్ మొదలైనంక భూమి లెక్కలు సర్వర్‌లోకి పోయినయి, 2025 ఏప్రిల్‌లో దాని బదులు భూభారతి వచ్చింది, అయినా కంప్యూటర్‌లో తేడా వచ్చిన ప్రతిసారి మళ్ళా పాత బస్తాలే విప్పాల్సి వస్తది. ఎవరు డిజైన్ చేసినా ఆఫీసు బిల్డింగ్‌లో ఈ ఒక్క అర్రకి చెమ్మ రాకుండ, చెదలు పట్టకుండ చూస్కోవాలె, మిగతావి ఎట్లున్నా నడుస్తయి.

కచేరి ఒక్కటే ఉండదు, దాని చుట్టూ ఖజానా, కోర్టు, ఠాణా, సబ్ జైలు, పోస్టాఫీసు ఒక గుంపుగా వచ్చినయి. ఖజానా పక్కనే ఉండడానికి కారణం ఉంది, స్టాంపు కాయితం వచ్చేది అక్కడి నుంచే, శిస్తు పైసలు జమ అయ్యేది అక్కడే, తుపాకీ పట్టుకున్న జవాను కాపలా ఉండేది అక్కడే. ఆ కాంపౌండ్‌లో ఒక వేప చెట్టో చింత చెట్టో తప్పకుండా ఉంటది, దాని కింద అర్జీలు రాసేటాయన చిన్న మేజా వేసుకొని కూసునేటోడు, తర్వాత టైపు మిషన్లు వచ్చినయి, జిరాక్స్ వచ్చింది, ఆన్‌లైన్ వచ్చింది. చెట్టు గూడ ప్లాన్‌లో భాగమే అనుకోవాలె, ఎందుకంటే వరండా నిండితే జనం పోయేది చెట్టు కిందికే. గేటు బయట చాయ్ హోటల్, మెస్, స్టాంపు వెండర్లు, డాక్యుమెంట్ రైటర్లు, వకీళ్ల బోర్డులు. నల్లగొండలో గడియారం సెంటర్, ప్రకాశం బజార్, రామగిరి వైపు తిరిగితే ఊరి వ్యాపారం ఎంత భాగం ఆఫీసుల మీద బతికిందో తెలుస్తది, పల్లె నుంచి పని మీద వచ్చిన మనిషి పని అయినా కాకపోయినా వడ్లకి మందో, పిల్లలకి బట్టలో కొనుక్కొనే బస్సెక్కుతడు కదా.

1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ రాజ్యం ఇండియాలో కలిసింది, 1949లో జాగీర్లు రద్దయినయి, అంతకుముందు కచేరి చెయ్యి పోని ఊర్లన్నీ కచేరి కిందికి వచ్చినయి. పని పెరిగింది, అర్రలు సరిపోలే. ఆ తర్వాత 1959 అక్టోబర్ 11న నెహ్రూ షాద్‌నగర్‌లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్‌ మొదలుపెట్టిండు, అప్పట్ల షాద్‌నగర్ మహబూబ్‌నగర్ జిల్లాలోనే. సమితి ఆఫీసులు, జిల్లా పరిషత్ ఆఫీసులు అనే కొత్త రకం బిల్డింగులు వచ్చినయి, వీటిలో స్పెషల్ ఏందంటే మీటింగ్ హాల్. కచేరిలో ఉత్తరువు చదివి వినిపిస్తే సరిపోయేది, ఇక్కడ ఎన్నికైన వాళ్లు కూసొని కొట్లాడుకోవాలె, అందుకు హాల్ కావాలె. ఈ టైంకి గర్డరు, సున్నం పోయి ఆర్‌సీసీ వచ్చేసింది, ఫ్లాట్ స్లాబ్, కిటికీల మీద సజ్జలు, మెట్ల కాడ సిమెంట్ జాలీ, కింద మొజాయిక్, ముందర కారు ఆగేతందుకు పోర్టికో. ఈ బిల్డింగులని ఎవరూ ఫొటో తీసి పెట్టరు గానీ న్యాయంగా చెప్పాలంటే ఇవి మంచిగ పనిచేసినయి, పొడుగు కారిడార్ ఒక పక్క తెరిచి పెట్టి వరండా గుణాన్ని కాపాడినయి, జాలీలో నుంచి గాలి వచ్చేది, ఎండ వచ్చేది కాదు.

సున్నం పోవడానికి కారణం గూడ పాత నల్లగొండ జిల్లాలోనే కనపడుతది. నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగితే 1967 ఆగస్టు 4న కాలువలకి నీళ్లు వదిలిన్రు, అది రాతి కట్టడం డ్యాం, అన్ని ఏండ్లు అంత మంది సుతార్లు (తాపీ మేస్త్రీలు), కూలీలు ఒక్క కాడ పనిచేసిన్రు. తర్వాత హుజూర్‌నగర్, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సున్నపురాయి గనుల మీద సిమెంట్ ఫ్యాక్టరీలు లేచినయి, అంటే గానుగలో పడాల్సిన రాయి బస్తాలోకి ఎక్కింది. ఇక కట్టే మనుషుల సంగతి అంటే పాలమూరు కూలీల కథ వేరేగా చెప్పాలె. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకొని బొంబాయి, పుణె దాకా, దేశంలో ఎక్కడ డ్యాం, కాలువ, పెద్ద బిల్డింగ్ ఉంటే అక్కడికి వలస పోయిన జిల్లా ఇది. దేశమంతా కట్టి పెట్టినోళ్ల సొంత జిల్లాలో మండలాఫీసు చిన్న డబ్బా లెక్క ఉండేది. 1985లో ఎన్టీఆర్ సర్కారు తాలూకాలు తీసేసి మండలాలు పెట్టినప్పుడు ఒక్కసారిగా వందల ఆఫీసులు కావాల్సి వచ్చినయి, టైం లేదు, పైసలు లేవు, కాబట్టి నాలుగు అర్రలు, ముందు ఒక సన్న వరండా, అంతే. ఆ సన్న వరండాలో ఒక బీరువా అడ్డం పెట్టిన్రంటే జనం ఎండలోకి పోవాల్సిందే.

పాత కచేరీలు పాడైపోవడం వయసు వల్ల అనుకుంటరు చాలామంది. చాలా కాడ పాడు చేసింది రిపేర్లు. సున్నం గోడ మట్టి కుండ లెక్క, చెమ్మని లోపలికి తీసుకుంటది, మళ్ళా గాలికి బయటికి వదులుతది. పాత గోడలకి పునాదిలో చెమ్మ ఆపే పట్టీ ఉండదు, నేలలో నీళ్లు మెల్లగా పైకి ఎక్కుతయి, సున్నం గిలాబు (ప్లాస్టరింగ్) ఉన్నన్ని రోజులు అవి ఆరిపోయేటివి. పెచ్చులు ఊడుతున్నయని దాని మీద సిమెంట్ గిలాబు కొట్టిన్రు, ఇగ నీళ్లు బయటికి రాలేవు, ఇంకా పైకి ఎక్కుతయి, ఉప్పు గోడ లోపలనే పేరుకుంటది, రెండు మూడు వానాకాలాలు అయినంక సిమెంట్ పలక పలకగా ఊడి వస్తది, వచ్చేటప్పుడు ఎనక ఉన్న పాత సున్నాన్ని గూడ పట్టుకొని వస్తది. దాని మీద మళ్ళా సిమెంట్, మళ్ళా ఎనామిల్ పెయింట్. కప్పు మీద వాన నీళ్లు దిగే తూము ఆకులతో మూసుకుపోతది, దాని పక్కనే పిట్టగోడలో రావి మొక్క మొలుస్తది, పైకి జానెడు కనపడుతది గానీ వేరు గోడ నడుమకి దిగి రాళ్లని పక్కకి జరుపుతది. ఏటా ఒకసారి మనిషిని ఎక్కించి తూము తీపించి మొక్క పీకిస్తే అయిపోయే పని. అది జరగదు, ఎందుకంటే చిన్న రిపేరుకి బడ్జెట్ హెడ్ దొరకదు, కొత్త బిల్డింగ్‌కి దొరుకుతది. ఆఖరికి ఇంజనీర్లు వచ్చి శిథిలావస్థ అని రాసిపెడతరు, ఆ కాయితం మీద బిల్డింగ్ కథ ముగుస్తది.

2016 అక్టోబర్ 11న జిల్లాలు విడగొట్టినప్పుడు నల్లగొండ మూడు అయింది, నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. మహబూబ్‌నగర్ నాలుగు అయింది, 2019లో నారాయణపేట కలిపి ఐదు. కొత్త జిల్లాలకి కలెక్టర్ వచ్చిండు గానీ కూసునేతందుకు జాగా లేదు, దొరికిన సర్కారు బిల్డింగులో సర్దుకున్నరు, ఒక శాఖ ఈ మూలకి, ఇంకో శాఖ ఆ మూలకి. ఈ అవస్థలో నుంచే సమీకృత కలెక్టరేట్‌లు వచ్చినయి. భువనగిరిది, వనపర్తిది 2022 మొదట్ల, మహబూబ్‌నగర్‌ది అదే ఏడు డిసెంబర్‌లో, నాగర్‌కర్నూల్, గద్వాల 2023 జూన్‌లో, సూర్యాపేట అదే ఏడు ఆగస్టులో. అన్నిటికీ దాదాపు ఒకటే డిజైన్, ఆర్కిటెక్ట్ ఉషారెడ్డి గీసింది, కట్టించింది ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ). ఇరవై ఎకరాలకి అటూ ఇటూ జాగా, లక్ష చదరపు అడుగులు దాటిన బిల్డింగ్, కింద ఒకటి పైన రెండు అంతస్తులు, నడుమ ఎత్తుగా తెరిచిన హాల్, దాని చుట్టూ అర్రలు, ముందు స్తంభాలతో పెద్ద ముఖద్వారం, అంతా తెలుపు. ఆదిలాబాద్ దిక్కు వానకి, పాలమూరు ఎండకి ఒకటే బొమ్మ ఏంది అని విమర్శ ఉంది, ఆ విమర్శలో కొంత నిజం ఉంది గానీ, ఒకే ప్లాన్‌ని అన్ని జిల్లాల్లో దించడం నిజాం పీడబ్ల్యూడీ నుంచి ఉన్న అలవాటే, కొత్తగా పుట్టిందేం కాదు.

లాభం ఏందంటే నిజంగానే ఉంది. ఇంతకుముందు ఒక పింఛన్ పనికి గానీ, పంట నష్టం పనికి గానీ ఊర్లో నాలుగు మూలలు తిరగాల్సి వచ్చేది, వ్యవసాయ ఆఫీసు ఒక కిరాయి ఇంట్లో రెండో అంతస్తులో, సంక్షేమ శాఖ ఇంకో గల్లీలో, కలెక్టర్ సంతకం ఇంకో కాడ. ఇప్పుడు అన్నీ ఒకే కప్పు కింద, లిఫ్టు ఉంది, ర్యాంపు ఉంది, నడవలేని ముసలోళ్లు గూడ మూడో అంతస్తు దాకా పోవచ్చు, పాత కచేరిలో నాలుగు మెట్లకే ఆగిపోయేటోళ్లు. సోమవారం జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి వచ్చిన మనిషి అర్జీ తీసుకొని పక్క అర్రలోని శాఖ అధికారిని అప్పుడే పిలవొచ్చు. ఇది కాదనే పని లేదు.

కానీ ప్లాన్ మళ్ళా గడీ లెక్క లోపలికి తిరిగింది. నడుమ హాల్ ఉంది, అది చూడడానికి ఘనంగా ఉంటది, మంత్రులు వచ్చిన రోజు ఫొటోకి బాగుంటది, మామూలు సోమవారం నాడు అది నడిచిపోయే జాగా, ఆగే జాగా కాదు. కారిడార్లకి రెండు దిక్కులా అర్రలు, కాబట్టి గాలి అడ్డంగా దూరి బయటికి పోయే దారి లేదు, ఏసీ ఉన్న అర్ర చల్లగ, లేని కారిడార్ ఉక్కపోత. బయట ఇరవై ఎకరాల్లో ఎక్కువ భాగం పార్కింగ్, తారు రోడ్డు, లాన్, ఆ నాటిన మొక్కలు నీడ ఇచ్చే చెట్లు కావడానికి ఇంకా చాలా ఏండ్లు కావాలె. మెయిన్ గేటు నుంచి పోర్టికో దాకా ఉన్న దూరం కారులో వచ్చేటాయనకి దూరమే కాదు, బస్సు దిగి ఆటో మాట్లాడుకొని గేటు కాడ దిగిన ముసలమ్మకి మే నెలలో అది చాలా దూరం. పాత కచేరి బస్టాండ్ నుంచి నడిచేంత దగ్గర ఉండేది, ఇప్పుడు రానూ పోనూ ఆటో కిరాయి ఒక పూట కూలిలో కోత పెడుతది. ముఖద్వారం దగ్గర ఆ పెద్ద స్తంభాల వరుసకి పది అడుగుల లోతు వరండా, దాని ఎనక ఒక గట్టు ఇచ్చి ఉంటే ఖర్చు పెద్దగా పెరిగేది కాదు, డిజైన్‌కి వచ్చే నష్టం అసలే లేదు. పాలమూరులో ఇంత గ్రానైటు ఉండి ఒక గట్టు కట్టలేకపోవడం విడ్డూరం.

ఆఫీసులు హైవే బాట పట్టడం కలెక్టరేట్‌తోనే ఆగలే. మహబూబ్‌నగర్ ఐటీ టవర్ 2023 మేలో దివిటిపల్లి కాడ ఓపెన్ అయింది, నల్లగొండ ఐటీ టవర్ అదే ఏడు అక్టోబర్ 2న హైదరాబాద్ రోడ్డు మీద. ఊరి నడుమ జాగా దొరకదు, దొరికినా ఇరుకు, కారు తిరగదు, కాబట్టి ఊరి బయట సర్కారు భూమి చూడడం అధికార్లకి సులువు. ఊరికి మాత్రం దీని దెబ్బ మెల్లగా తెలుస్తది. పాత గేటు ముందు మెస్సులు, జిరాక్స్ షాపులు గిరాకీ పడిపోయి కొన్ని షట్టర్ దించినయి, కొందరు కొత్త గేటు ఎదురుగా రేకుల షెడ్డు వేసుకున్నరు. కొత్త కలెక్టరేట్ చుట్టూ వెంచర్ల బోర్డులు లేచినయి, ప్లాట్ల రేట్లు పెరిగినయి, అంటే ఆఫీసు మారడంతో పైసలు చాయ్ హోటల్ గల్లా నుంచి రియల్ ఎస్టేట్‌లోకి మళ్ళినయి. ఎవరికి లాభం ఎవరికి నష్టం అనే లెక్క వేసేటప్పుడు కలెక్టరేట్ ఎస్టిమేట్‌లో ఇది ఎక్కడా కనపడదు. నల్లగొండ కలెక్టరేట్ ఊరి లోపల ఉన్నందుకు గడియారం సెంటర్ వ్యాపారులు తృప్తి పడాలె, ట్రాఫిక్ తిట్టుకుంట అయినా సరే.

ఖాళీ అయిన బిల్డింగులతో ఏం చేయాలన్నది ఇంకో ప్రశ్న, దీనికి ఈ ప్రాంతంలోనే మంచి జవాబులు ఉన్నయి. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరు మీద డిగ్రీ కాలేజీ నడుస్తుంది, వనపర్తి రాజుల ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ పెట్టిన్రు, రాజులు కట్టుకున్న హాళ్లల్ల ఊరి పోరగాండ్లు ఇంజనీరింగ్ డ్రాయింగ్ నేర్చుకున్నరు. సూర్యాపేటలో పాత కలెక్టరేట్ నడిచిన బిల్డింగ్‌నే మార్చి ఐటీ హబ్ పెట్టిన్రు, కొత్తగా కట్టే ఖర్చు, టైం రెండూ మిగిలినయి. మహబూబ్‌నగర్‌లో వేరే దారి పట్టిన్రు, పాత కలెక్టరేట్ జాగాని పెద్దాసుపత్రికి ఇచ్చిన్రు. ఆసుపత్రి కావాల్సిందే, ఊరి నడుమ ఆసుపత్రి ఉండడం ఊరి బయట ఉండడం కంటే నయమే, ఆ నిర్ణయాన్ని తప్పు పట్టలేం. అయితే తాలూకా కేంద్రాల్లో ఇంకా మిగిలిన తాసీల్ కచేరీల సంగతి అట్ల లేదు, అవి చిన్నవి, వాటి జాగా గూడ పెద్దది కాదు, కూలగొడితే వచ్చేది ఒక షాపింగ్ కాంప్లెక్స్, అంతే. తెలంగాణ హెరిటేజ్ చట్టం 2017లోనే వచ్చింది, దాని చూపు మాత్రం కోటలు, గుళ్లు, మసీదుల మీద ఉన్నంత ఈ మామూలు ఆఫీసుల మీద పడలేదు.

అసలు శిథిలావస్థ అని రాసే ముందు చేయాల్సిన పరీక్షలు పెద్ద ఖర్చువి కావు. మూడు అడుగుల ఎత్తు దాకా సిమెంట్ గిలాబు గీకేసి ఒక ఎండాకాలం గోడని ఆరనిస్తే తెలుస్తది రాయి గట్టిగుందా లేదా. గర్డర్ కింది అంచు తుప్పు గీకి మిగిలిన మందం కొలవాలె, చాలా కాడ పైపొర పోయినా లోపల ఇనుము బాగానే ఉంటది, లేదంటే ఆ ఒక్క గర్డర్ కింద ఇంకోటి తగిలించొచ్చు. దూలం కొసలు గోడలో దిగిన కాడ చెదలు చూడాలె, పాడయ్యేది ఎప్పుడైనా అక్కడే, నడుమ కాదు. తూములు తీసి, వరండా ముందు పోసిన కాంక్రీటు పగలగొట్టి మట్టి నేల తెరిస్తే గోడకి ఎక్కే చెమ్మ సగం తగ్గుతది. ఇన్ని చేసినంక గూడ నిలవదంటే కూలగొట్టుకోవచ్చు. నిలిచిందంటే అందులో మీసేవ సెంటరో, భూమి రికార్డుల నకళ్లు ఇచ్చే కౌంటరో పెడితే ఊర్లో జనానికి కలెక్టరేట్ దాకా ఆటో కిరాయి మిగులుతది, వరండా ఎట్లాగూ రెడీగా ఉంది.